వేడినీటి బుగ్గను కడిగేది ఎవరు?

సంపాదకులకు నమస్కారములు.

కార్తీకం వచ్చిందంటే మా బరంపురం తెలుగు కుటుంబాలు వనభోజనాలకు తప్తపాణి వేడినీటి బుగ్గకు బయలుదేరుతాయి. ఇచ్ఛాపురం, సోంపేటల నుంచీ వచ్చేవారున్నారు. ఈ ఏడాది బస్సులు మాట్లాడుకోక ముందే ఒక విషయం మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా టోక్యోలో ఉండటం వల్ల గత జనవరిలో నేనూ నా భార్యా నాగానో ప్రాంతంలోని నోజావా ఒన్సెన్ అనే కొండ ఊరికి వెళ్లాము. ఈయామా వరకు రైలు, అక్కడి నుంచి బస్సు. ఒన్సెన్ అంటే వేడినీటి బుగ్గ. 1948లో చేసిన జపాన్ చట్టం ప్రకారం నేలలోంచి వచ్చే నీరు 25 డిగ్రీలుంటే చాలట. ఆ లెక్కన మా పెరటి బోరునీళ్లు కూడా ఒన్సెనే అని నవ్వుకున్నాము గాని, నోజావా నీళ్లలో కాలు పెట్టాక నవ్వు ఆగిపోయింది. ఒగామా అనే బుగ్గలో నీరు ఇంచుమించు 90 డిగ్రీలుంటుంది. ఊరివాళ్లు అందులోనే ఆకుకూరలు, కోడిగుడ్లు ఉడకబెట్టుకుంటారు, బయటివారిని లోపలికి రానివ్వరు.

ఇళ్ల కప్పులపై మంచు, వీధుల్లో ఆవిరి, గంధకం వాసన, ఇవన్నీ ఫొటోల్లో చూసినవే. ఫొటోల్లో కనిపించనిది వేరొకటి ఉంది. ఆ ఊళ్లో 13 స్నానశాలలున్నాయి. వాటికి టిక్కెట్టు లేదు, గుమ్మం దగ్గర ఒక చందాపెట్టె మాత్రం ఉంటుంది. ‘యునకామా’ అనే పేరుతో ఇరుగుపొరుగు కుటుంబాలు ఒక్కొక్క స్నానశాలను తమదిగా చూసుకుంటాయి. వంతులు వేసుకుని కడుగుతాయి, దీపాల ఖర్చు కూడా భరిస్తాయి. ఎడో కాలం (1603-1868) నుంచీ ఇదే పద్ధతి. స్నానానికి వచ్చినవారు ముందుగా చెంబుతో నీళ్లు ముంచుకుని ఒళ్లు శుభ్రం చేసుకున్నాకే తొట్టిలో దిగాలి. తువ్వాలు సైతం నీటికి తగలకూడదని, దానిని మడిచి నెత్తిన పెట్టుకుంటారు.

ఇది చూస్తున్నంతసేపూ నాకు తప్తపాణే గుర్తుకు వచ్చింది. దిగపహండి దాటి ఘాట్ రోడ్డెక్కితే, బరంపురానికి సుమారు 50 కిలోమీటర్లలో, అడవి మధ్య అదే గంధకపు వాసన. అక్కడ కంధుణీదేవి గుడి ఉంది, బుగ్గనీరు పారే స్నానాల కొలను ఉంది. నిరుడు మా బస్సులో నలభైమందిమి వెళ్లాము. తిరిగి వచ్చేటప్పుడు గట్టున మేము వదిలివచ్చినవి షాంపూ ప్యాకెట్లు, సబ్బు ముక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు. ఎవరో కడుగుతారులే అనుకున్నాము. ఆ ఎవరో అంటే ఆ కొండల్లోనే కాపురముండే సవర, కోందు గిరిజనులే కావచ్చునన్న ఆలోచన మాలో ఒక్కరికీ, నాతో సహా, రాలేదు.

అధికారులు గట్టుకు దూరంగా సబ్బు స్నానానికి వేరే చోటు ఏర్పాటు చేసి, కొలను నిర్వహణను చందాపెట్టెతో సహా చుట్టుపక్కల గ్రామాలకే అప్పగిస్తే మేలని నా విన్నపం. అంతవరకు వనభోజనాలు జరిపే తెలుగు సంఘాలు చేయగలిగింది ఉంది: ఇంటి దగ్గరే తలంటుకుని బయలుదేరడం, కొలనులోకి సబ్బు తీసుకుపోకపోవడం, తెచ్చుకున్న చెత్తను అదే బస్సులో వెనక్కి తెచ్చుకోవడం. మా వీధివాళ్లము ఈసారి నాలుగు గోనెసంచులు, రెండు చీపుళ్లు వంటసామానుతో పాటు జాబితాలో రాసుకున్నాము.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.