ఒక్క అంకె దగ్గర నోరు జారితే

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆటల పేజీలో, కెమెరా ముందు నోరు జారినవాళ్ల గురించి వేసిన చిన్న ముక్కలో జర్మనీ టీవీ యాంకర్ కార్మెన్ థామస్ పేరు చూశాను. ఫుట్‌బాల్ జట్టు ‘షాల్కె 04’ పేరు చెప్పబోయి ‘షాల్కె 05’ అందని, దాంతో ఆ ఉద్యోగం పోయిందని రాశారు. మొదటిది నిజమే. రెండోది కాదు.

మా అమ్మాయి జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటుంది. కార్మెన్ గారు పుట్టిందీ ఆ ఊళ్లోనే. నేను అక్కడ మూడు నెలలున్నప్పుడు కింది వాటా పెద్దాయన రోజూ ఏదో ఒక ఫుట్‌బాల్ కబురు చెప్పేవాడు, అమ్మాయి తెలుగులో చెప్పేది. ఆయన షాల్కె వీరాభిమాని. గెల్జెన్‌కిర్షెన్ బొగ్గు గనుల ప్రాంతపు జట్టు అది. 1904లో పుట్టింది కాబట్టి పేరు చివర 04.

జర్మనీలోని జెడ్‌డీఎఫ్ టీవీ చానల్లో శనివారం రాత్రి వచ్చే పెద్ద ఆటల కార్యక్రమాన్ని అప్పటిదాకా మగవాళ్లే నడిపేవారు. 1973 ఫిబ్రవరిలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఈవిడ. అప్పటికి ఇరవై ఆరేళ్లు. ఒకసారైతే ఆదివారం పత్రిక ఒకటి, కార్యక్రమం మొదలవకముందే ఆవిడ బాగా చేయలేదని అచ్చేసి ముందురోజు సాయంత్రమే అమ్మకానికి పెట్టింది. ఆవిడ ఆ పత్రికను తెచ్చి కెమెరాకే చూపించింది! ఆ జూలైలోనే, బెల్జియం జట్టు స్టాండర్డ్ లియేజ్‌తో ఆట గురించి చెబుతూ 04ని 05 చేసింది. ఆ తర్వాత కూడా ఏడాదికి పైగా అదే కార్యక్రమం నడిపింది. మరి ఉద్యోగం పోయిందెక్కడ?

నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట మండల స్థాయి ఆటల్లో మైకు నా చేతిలో ఉంది. కబడ్డీ ఫైనల్ అయ్యాక గెలిచిన ఊరి పేరుకు బదులు ఓడిన ఊరి పేరు చదివాను. వెంటనే సరిచేశాను, అయినా ఒకటే ఈలలు. మరుసటి ఏడాది మైకు లెక్కల మాస్టారికిచ్చారు. ఆయనకు బోనస్ లైనంటే ఏమిటో నేనే పక్కన నిలబడి చెప్పాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ ఊరివాళ్లు కనిపిస్తే, ‘టీచరమ్మా, ఎవరు గెలిచారు?’ అంటారు. నవ్వేస్తాను గానీ, పిల్లలను జిల్లా జట్టుకు పంపిన సంగతి ఒక్కరూ ఎత్తరు.

కార్మెన్ గారి అసలు పని 1974 డిసెంబరులో మొదలైంది. కొలోన్‌లోని డబ్ల్యూడీఆర్ రేడియోలో ‘హలో యూవాగెన్’ అనే కార్యక్రమం. గురువారాల్లో రేడియో వాళ్ల ప్రసారాల వ్యాను ఏదో ఒక ఊరి నడిబొడ్డున ఆగేది. ఈవిడ మైకు పట్టుకుని దారిన పోయేవాళ్లతో మాట్లాడించేది. ఇరవై ఏళ్లు నడిపింది. మాట్లాడకూడదనుకునే విషయాలు కూడా వదల్లేదు. మూత్రం మీద ఒక పుస్తకమే రాస్తే అది తెగ అమ్ముడుపోయింది. ఇది వినగానే నాకు, తన మూత్రం తానే తాగుతానని చెప్పిన మన మాజీ ప్రధాని మొరార్జీ దేశాయ్ గారు గుర్తొచ్చారు. కింది వాటా పెద్దాయనకు ఆ సంగతి చెబితే ఎంతసేపు నవ్వాడో!

పోనీ కాలం మారిందా అంటే, 2016 యూరో కప్‌లో అదే చానల్ తరఫున క్లౌడియా నాయ్‌మన్ అనే ఆవిడ వేల్స్-స్లొవేకియా మగవాళ్ల ఆటకు వ్యాఖ్యానం చెప్పింది. నోరు జారకుండానే ఇంటర్నెట్‌లో బూతులు తిన్నది. 2018 ప్రపంచ కప్ నాటికి చానల్ వాళ్లు పోలీసు కేసుల దాకా వెళ్లాల్సి వచ్చింది.

కాబట్టి సవరణ వేయండి. ఫొటో కూడా వేసేట్టయితే స్టూడియోది వద్దు, ఆ వ్యాను పక్కన మైకుతో ఉన్నది దొరుకుతుందేమో చూడండి.

– విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని, తెనాలి