పెద్ద కుక్కకే దెబ్బలు ఎక్కువా?

సభ్యులందరికీ నమస్కారం. పరుగు పనికి పెద్ద కుక్క మంచిదా, చిన్నదా అన్న చర్చ నిన్నటి నుంచి సాగుతూనే ఉంది కాబట్టి నా మాటా చెబుతాను.

ఒంటి కొలతలన్నీ రెట్టింపైతే బరువు 8 రెట్లవుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం 4 రెట్లే. అందువల్ల భారీ కుక్క ఎముకల మీద, కీళ్ల మీద ఒత్తిడి ఎక్కువన్నది నిజమే. ఒంట్లో పుట్టిన వేడిని వదిలించుకోవడమూ దానికి కష్టం. మంచు బండ్లు లాగే అలాస్కా హస్కీలు చాలావరకు 20-25 కిలోల దగ్గరే ఉండడం ఊరికే కాదు.

అయితే గాయాన్ని ఒక్క తూకంతో తేల్చలేం. పందెపు గ్రేహౌండ్‌నే చూడండి. పందెపు బాటలో సాధారణంగా ఎడమవైపే మలుపు తిరుగుతుంది, అక్కడా వేగం తగ్గించుకోదు. ఆ ఒత్తిడికి కుడి వెనుక కాలి మడమ కీలులో ఎముక విరగడం తరచూ కనిపిస్తుంది. మంచు బండి కుక్కకేమో భుజం, ముందుకాలి మణికట్టు దెబ్బతింటాయి.

సహజంగా పెద్దదైన కుక్క వేరు, కొవ్వు పట్టిన కుక్క వేరు. చేయి వేయగానే పక్కటెముకలు వేళ్లకు తగలాలి. నొక్కి వెతకాల్సి వస్తే ముందు తిండి తగ్గించండి, పరుగు సంగతి తరువాత. పెద్ద జాతుల పిల్లలకు ఎముకల ఎదుగుదల ఏడాది దాటితే గానీ పూర్తికాదు. ఆరు నెలల పిల్లను సైకిలు వెంట పరిగెత్తించే వీడియోలు దయచేసి ఇక్కడ పెట్టకండి, చూడలేకపోతున్నాను.

కుంటుతున్న కుక్క గురించి అడిగేవారు బరువుతో పాటు వయసు, పరిగెత్తిన నేల, ఏ కాలు అన్నదీ రాయండి.