సోరియాసిస్: షాపులో కొనే స్టెరాయిడ్‌తోనే అసలు చిక్కు

సంపాదకునికి,

చర్మంపై ఎర్రటి, పొలుసుల మచ్చలు లేచే సోరియాసిస్ ముట్టుకుంటే అంటదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 10 శాతమే. పొగ, మద్యం, ఊబకాయం ముప్పు పెంచేవే. పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఒంటిమీద నీటిచుక్కలంత ఎర్రటి, పొలుసుల మచ్చలు లేస్తే, అదీ సోరియాసిస్ కావచ్చు; డాక్టరుకు ఆ గొంతునొప్పి సంగతి తప్పక చెప్పాలి. మానసిక సమస్యలకు వాడే లిథియం, బీపీకి వాడే బీటా బ్లాకర్లు, మలేరియాకు వాడే క్లోరోక్విన్ కూడా సోరియాసిస్‌ను రేపవచ్చు. అలాగని మాత్రలు సొంతంగా మానేయకూడదు.

అన్నిటికన్నా చేటు, డాక్టరు చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ మాత్రలు. మచ్చలు ఇట్టే తగ్గినట్టుంటాయి. ఒక్కసారిగా ఆపితే చీముపొక్కులు, జ్వరంతో ఆసుపత్రి పాలు కావచ్చు. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. ఔషధ నియంత్రణ అధికారులు షాపుల్లో చీటీలు అడిగి చూడాలి.

– కొందరు చర్మవ్యాధి వైద్యులు, వరంగల్