పొట్ట డయాలసిస్ రోగికి ‘రెస్టు తీసుకోండి’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

కిడ్నీలు పనిచేయనివాళ్లకు ట్యూబు ద్వారా పొట్టలోకి ఫ్లూయిడ్ ఎక్కించి, కొన్ని గంటలయ్యాక ఒంట్లోని మలినాలతో సహా బయటికి తీసేదే పొట్ట డయాలసిస్ (పెరిటోనియల్ డయాలసిస్, పీడీ). ఇంటి దగ్గరే దాన్ని చేసుకుంటున్నవాళ్లు మన విజయవాడలోనైనా, గుంటూరులోనైనా ‘నడవచ్చా, బరువెత్తవచ్చా, యోగా చేయవచ్చా’ అని అడిగితే ఎక్కువగా వినపడే జవాబు ఒకటే: ‘జాగ్రత్తగా ఉండండి, రెస్టు తీసుకోండి.’ డాక్టరుగారు నడవమంటారు, నర్సు మెట్లు ఎక్కొద్దంటుంది, ట్యూబు పెట్టిన సర్జన్ బరువులు ముట్టుకోవద్దంటారు. ఎన్నాళ్లపాటో ఎవరూ చెప్పరు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకే చెప్పిన ఆ మాటను రోగి ఏళ్ల తరబడి పాటిస్తూ ఉంటాడు. చివరికి బాత్‌రూముకు వెళ్లాలన్నా గోడ పట్టుకోవలసి వస్తుంది.

వైద్యుల భయం ఊరికే పుట్టింది కాదు. పొట్టలో రెండు లీటర్ల ఫ్లూయిడ్ ఉంటుంది, చర్మంలోంచి ట్యూబు బయటికి వస్తుంది. హెర్నియా వచ్చినా, లీకైనా, ట్యూబు చోట చీము పట్టినా రోగిని ఆస్పత్రిలో రక్తాన్ని శుద్ధి చేసే మిషను డయాలసిస్‌కు మార్చాల్సి రావచ్చు. అందుకే ‘వద్దు’ అనడం తేలిక. అయితే పొట్ట లోపలి ఒత్తిడి ఏ పనికి ఎంత పెరుగుతుందో 1980లలోనే కొలిచి చూశారు. పడుకున్నప్పుడు తక్కువ, నిలబడితే ఎక్కువ, కూర్చుంటే ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా ఎక్కువగా పెరిగేది దగ్గినప్పుడు, ముక్కినప్పుడు. మరి నడక మానిపించి రోజంతా కుర్చీలో కూర్చోబెడితే పొట్టకు ఏం రక్షణ దొరికినట్టు? హెర్నియా గురించి నిజంగా బెంగపడే డాక్టరు ముందు అడగాల్సింది మలబద్ధకం గురించి, తగ్గని దగ్గు గురించి. మలబద్ధకం ఉంటే ఫ్లూయిడ్ బయటికి రావడం కూడా మందగిస్తుంది.

కదలకుండా ఉంటే జరిగే నష్టం మాత్రం లెక్కకు అందేదే. వాడిన ఫ్లూయిడ్‌తో పాటు రోజుకు 5 నుంచి 10 గ్రాముల ప్రొటీన్ బయటికి పోతుంది. ఇన్ఫెక్షన్ వస్తే ఇంకా ఎక్కువ. మరోవైపు 1.5 శాతం గాఢత ఉన్న రెండు లీటర్ల ఫ్లూయిడ్ బ్యాగులో 30 గ్రాముల గ్లూకోజు, 2.5 శాతం బ్యాగులో 50 గ్రాములు, 4.25 శాతం బ్యాగులో 85 గ్రాములు ఉంటాయి. నాలుగైదు గంటలు లోపల ఉంచితే అందులో సగానికి పైగా ఒంటికి పడుతుంది. దీనికి తోడు మనిషి కదలకపోతే కండ కరుగుతూ, కొవ్వు చేరుతూ ఉంటుంది. పైకి బరువు తగ్గినట్టు కనపడదు కాబట్టి కాళ్లలో సత్తువ పోయిన సంగతి ఇంట్లోవాళ్లకూ, డాక్టరుకూ ఆలస్యంగా తెలుస్తుంది. రోగి లేచి నిలబడలేని దశకు వచ్చాక ఫిజియోథెరపీకి పంపడం కన్నా, ట్యూబు పెట్టిన నెలలోనే పంపడం మేలు కాదా?

ఈ అయోమయం మన ఊళ్లకే పరిమితం కాదు. అందుకే 2022లో పెరిటోనియల్ డయాలసిస్ అంతర్జాతీయ సంఘం, కిడ్నీ రోగుల వ్యాయామంపై పనిచేసే అంతర్జాతీయ బృందం కలిసి సూచనలు వెలువరించాయి. ఈ రోగులను కదలనివ్వాలన్నదే వాటి సారాంశం. ఇక్కడ ఆ మాట మన ఇళ్లకు, మన ఎండలకు తగ్గట్టు రోగికి చేరాలి.

ట్యూబు పెట్టిన మర్నాటి నుంచే ఇంట్లో నెమ్మదిగా నడవవచ్చు. బరువులు, పొట్ట కండరాలు బిగించే పనులు నాలుగు నుంచి ఆరు వారాలు ఆపాలి. లీకులు ఎక్కువగా ఈ తొలి వారాల్లోనే వస్తాయి. గాయం మానిందని చూసి, ‘ఇక మొదలుపెట్టండి’ అని నోటితో చెప్పే బాధ్యత డాక్టరుదే. ఆ మాట చెప్పకపోతే నిషేధం అలాగే ఉండిపోతుంది.

తర్వాత నడక. పొట్టలో ఫ్లూయిడ్ ఉండగానే నడవవచ్చు, స్టాండులో నిలిపిన సైకిలు తొక్కవచ్చు. పూటకు పది నిమిషాల చొప్పున మూడు పూటలతో మొదలుపెట్టి, వారానికి 150 నిమిషాల దాకా మెల్లగా పెంచుకోవాలి. బీపీకి బీటా బ్లాకర్లు అనే మందులు వాడేవాళ్లలో శ్రమకు తగ్గట్టు నాడి వేగం పెరగదు. కాబట్టి నాడి చూసి శ్రమను అంచనా వేయకూడదు. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తే చాలు. మే నెల బెజవాడ ఎండలో తెల్లవారి ఏడు లోపే ముగించాలి. చెమట పట్టింది కదా అని లెక్క లేకుండా నీళ్లు తాగకుండా, డాక్టరు చెప్పిన కొలత పాటించాలి. గ్లూకోజు ఎక్కువున్న గాఢమైన బ్యాగు వాడిన రోజు లేవగానే కళ్లు తిరిగితే నడక ఆపి బీపీ, బరువు చూసుకోవాలి.

కండ కోసం వారానికి రెండు మూడు రోజులు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, మునివేళ్ల మీద లేవడం, గోడను తోయడం, నీళ్లు నింపిన లీటరు సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం చాలు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. ఊపిరి బిగబట్టి ఎత్తడమే ప్రమాదం. ‘బరువులెత్తొద్దు’ అనేకన్నా వస్తువు పేరు చెప్పండి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను అంటే 20 కిలోలు, నిండు గ్యాస్ సిలిండరు 30 కిలోల దాకా ఉంటుంది. ఇవి వద్దు. ఇంటికొచ్చే ఫ్లూయిడ్ పెట్టె కూడా పది కిలోలు దాటుతుందని చాలామంది డాక్టర్లకు తట్టదు. పెట్టెను నేల మీదే విప్పి, బ్యాగులు ఒక్కొక్కటిగా తీసుకోమని శిక్షణలోనే చెప్పాలి.

‘పొట్ట ఖాళీ చేసుకుని వ్యాయామం చేయండి’ అన్న సలహా తరచూ వింటాం. రాత్రి నిద్రలో ఫ్లూయిడ్ మార్చే చిన్న మిషను పెట్టుకుని పగలు పొట్ట ఖాళీగా ఉంచుకునేవాళ్లకు అది బాగానే ఉంటుంది. చేత్తో బ్యాగులు మార్చుకునేవాళ్లు అదే పని చేయాలంటే ఒకసారి అదనంగా ట్యూబు విప్పాలి. విప్పిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్‌కు ఒక దారి తెరిచినట్టే. వీళ్లకు పొట్ట బిగించని వ్యాయామాలు ఎంచడమే మంచిది.

యోగా అడిగేవాళ్లు ఎక్కువ. తాడాసనం, కుర్చీలో కూర్చుని చేసే ఆసనాలు, మామూలు ప్రాణాయామం పర్వాలేదు. కపాలభాతి, నౌకాసనం, మయూరాసనం, తలకిందులుగా చేసే ఆసనాలు వద్దు. కృష్ణలోనూ, కాలువల్లోనూ మునగడం ఈ రోగులకు ఎప్పుడూ కాదు.

ట్యూబు చోట నష్టం చేసేది ఎక్కువగా రాపిడి, లాగుడు, చెమట తడి. లంగా నాడా, ప్యాంటు బెల్టు ట్యూబు బయటికొచ్చే చోట నొక్కకూడదు. ట్యూబును పొట్టకు టేపుతో అతికించి, కొసను నడుముకు కట్టిన గుడ్డ సంచిలో పెట్టుకోవాలి. నడక అయ్యాక కట్టు తడిస్తే చేతులు శుభ్రంగా కడుక్కుని వెంటనే మార్చాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లు జేబులో పంచదార ఉంచుకోవాలి. గ్లూకోజుకు బదులు ఐకోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం ఉన్న బ్యాగు వాడేవాళ్లలో కొన్ని రకాల గ్లూకోమీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ షుగరు చూపిస్తాయి. షుగరు పడిపోయినా మీటరులో బాగానే కనపడవచ్చు. ఏ మీటరు వాడాలో డయాలసిస్ యూనిట్టే చెప్పాలి.

వ్యాయామం ఆపి ఫోను చేయాల్సిన సందర్భాలు రోగికి నోటికి వచ్చి ఉండాలి: ఫ్లూయిడ్ మబ్బుగా రావడం, జ్వరం, కడుపునొప్పి, ఛాతీనొప్పి, బొడ్డు దగ్గర గానీ గజ్జల్లో గానీ కొత్త ఉబ్బు, వృషణాల వాపు, ఎక్కించినంత ఫ్లూయిడ్ తిరిగి రాకపోవడం, ఫ్లూయిడ్ ఎక్కించాక ఆయాసం. ట్యూబు చుట్టూ తడి కనిపిస్తే అది చెమటా, లీకా అని నర్సు గ్లూకోజు పట్టీతో పరీక్షించవచ్చు. ఫ్లూయిడ్ అయితే పట్టీ రంగు గట్టిగా మారుతుంది.

ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016లో మిషను డయాలసిస్‌తో మొదలైంది. పొట్ట డయాలసిస్‌కు 2019లో మార్గదర్శకాలు వచ్చాయి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు తండాల వంటి చోట్ల నుంచి వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తిరగలేని రోగికి ఈ పద్ధతి ఎంతో ఆసరా. అయితే బ్యాగులు అందించడంతో ఆగిపోతే ఆ మనిషి పొలానికి గానీ పనికి గానీ తిరిగి వెళ్లలేడు. ప్రభుత్వ, ప్రైవేటు పీడీ యూనిట్లన్నిటినీ మేం కోరేవి మూడే. శిక్షణ రోజుల్లో ఒక గంట ఫిజియోథెరపిస్టుకు ఇవ్వండి. ప్రతి నెలా చెకప్పులో బీపీ, బరువుతో పాటు ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో కేసు షీటులో రాయండి. డాక్టరు, నర్సు, సర్జన్ ముగ్గురూ ఒకే మాట చెప్పేలా తెలుగులో ఒక్క పేజీ కాగితం తయారుచేసి, మందుల చీటీతో పాటు రోగి చేతికివ్వండి. ఆ కాగితంలో ఏం చేయకూడదో రాసే ముందు, ఈ వారం ఎన్ని నిమిషాలు నడవాలో అంకె వేసి రాయండి.

– పెరిటోనియల్ డయాలసిస్ రోగులతో పనిచేసే ఒక ఫిజియోథెరపిస్టు, ఒక నర్సు
విజయవాడ