జూలో పిల్ల పుట్టిందని రాసి అక్కడితో ఆపేయకండి

సంపాదకులకు నమస్కారం.

జూలో పులిపిల్ల పుట్టిందని మీ పేపర్లో ఫొటో వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరికీ చూపిస్తాను, సంతోషంగానే. కానీ ఆ వార్త పేరు పెట్టడంతోనే అయిపోతుంది. తల్లీ తండ్రీ దగ్గరి రక్తసంబంధమా, ఆ పిల్లో దాని పిల్లలో ఎప్పటికైనా అడవి చూస్తాయా అన్నది ఎవరూ రాయరు.

జూల్లో ఇలా పెంచడం దండగ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అరేబియన్ ఓరిక్స్ అనే ఎడారి జింక 1972 నాటికి ఎడారిలో ఒక్కటీ మిగల్లేదు, జూల్లో పెంచిన మందల నుంచే 1982లో ఒమన్‌లో మళ్లీ వదిలారు. అమెరికాలోని పెద్ద రాబందు కాలిఫోర్నియా కాండోర్ కథ ఇంకా గొప్పది. 1987లో ప్రపంచం మొత్తం మీద 27 పక్షులే మిగిలాయి, బయట ఉన్నవాటిని కూడా పట్టుకుని తెచ్చేశారు. పిల్లలు మనిషికి అలవాటు పడితే బయట బతకవని, కీపర్లు తల్లి కాండోర్ తలలా కుట్టిన బొమ్మను చేతికి తొడుక్కుని, తాము తెర వెనకే ఉండి, ఆ ముక్కుతోనే మేత పెట్టారు. ఇప్పుడవి 500 దాటాయి, సగానికి పైగా ఆకాశంలోనే ఉన్నాయి. అయినా వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని సీసం తూటా ముక్కలు తిని ఇంకా చనిపోతూనే ఉన్నాయి, అంటే పెంచి వదిలినంత మాత్రాన పని అయిపోలేదు.

బ్రెజిల్‌లో గోల్డెన్ లయన్ టామరిన్ కోతుల్ని 1984లో వదిలినప్పుడు మొదటి బృందంలో చాలావరకు పోయాయి. కదలని కర్రల మీద పెరిగిన ప్రాణాలు కదా, కొమ్మ ఊగితే అడుగు వెయ్యలేకపోయాయి, తిండి వెతుక్కోవడమూ రాలేదు. తర్వాతి బృందాల్ని వదిలాక కూడా కొన్నాళ్లు వెంట ఉండి తిండి పెట్టి చూసుకున్నారు, అప్పుడు నిలదొక్కుకున్నాయి.

ఇదంతా చదివాక తెల్లపులి బోర్డు చూస్తే నాకు కడుపు మండుతుంది. ఒక జూలో 'అరుదైన జంతువు' అని రాసిపెట్టారు, అద్దానికి అవతల ఆ పులికి మెల్లకన్ను. తెల్లపులి వేరే జాతి కాదు, ఆ రంగు పోకుండా దగ్గరి బంధువుల్నే జతకలుపుతూ వచ్చారు, ఆ మెల్లకన్ను కూడా ఆ తెల్లరంగు జన్యువుతోపాటే వచ్చేది. అడవికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. పిల్లలకు మాత్రం సంరక్షణ అంటే ఇదేనని చూపిస్తున్నాం.

అక్వేరియాలు సరిగ్గా చేసిన పని కూడా ఒకటుంది. ఇండోనేషియాలోని రాజా అంపట్ దీవులకు అక్వేరియాల నుంచి జీబ్రా షార్క్ గుడ్లు పంపి, అక్కడే పొదిగించి, 2023లో పిల్లల్ని సముద్రంలో వదిలారు. గుడ్లు పెట్టించడం ఒక్కటే కాదు, అవి ఎక్కడికి చేరాలో ముందే ప్లాన్ చేసుకున్నారు.

ఈసారి పిల్ల పుట్టిన వార్త రాసేటప్పుడు మీ విలేకరిని రెండు ప్రశ్నలు అడిగి రమ్మనండి. ఈ జంటను స్టడ్‌బుక్, అంటే ఏ జంతువు ఎవరి సంతానమో రాసిపెట్టే పుస్తకం, చూసే కలిపారా? వీటి కోసం ఏ అడవిని సిద్ధం చేస్తున్నారు? జవాబు చెప్పలేకపోతే, చెప్పలేదనే వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు