వరద బాధితుల గోడు వినే మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబేకాలనీ మునిగాయి. తర్వాత గండ్లు పూడ్చారు, ఫైరింజన్లతో ఇళ్లు కడిగించారు. కింది అంతస్తు మునిగిన వాళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు పరిహారం ప్రకటించారు. ఇదంతా చిన్న పనేమీ కాదు. కానీ అక్కడివాళ్ల భయం సంగతి ఎవరు చూశారు? ఇప్పటికీ రాత్రిపూట గట్టి వాన పడితే పెద్దవాళ్లు లేచి వీధిలోకి తొంగిచూస్తారు. పిల్లల సర్టిఫికెట్లు సజ్జ మీదకి ఎక్కిస్తారు. మబ్బు పట్టిందంటే చాలు, టెన్షన్. మగవాళ్లు అసలు పైకే చెప్పరు. అయినదానికీ కానిదానికీ ఇంట్లో అరుస్తుంటే కోపం ఎక్కువైందనుకుంటాం.

"ప్రాణాలు దక్కాయిగా, ఇంకా అదే తలచుకుంటావేం?" అని మంచికే అంటాం. ఆ మాట విన్నవాళ్లు ఇక నోరు విప్పరు. అలాగని ఆ రోజు ఏం జరిగిందో మొత్తం చెప్పమని గుచ్చి గుచ్చి అడగడం ఇంకా తప్పు. కెమెరా ముందు అడగడం మరీ తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శిలోనూ బలవంతంగా చెప్పించొద్దనే ఉంది. వాళ్లకు అప్పటికప్పుడు ఏం కావాలో చూడాలి, చెప్పినంత వినాలి, సాయం దొరికే చోటికి చేర్చాలి. దీనికి డాక్టరే అక్కర్లేదు. కాస్త శిక్షణ ఇస్తే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, పట్టణ పొదుపు సంఘాలతో పనిచేసే మెప్మా ఆర్పీలు చేయగలరు. గడప గడపా తెలిసినవాళ్లు వాళ్లే.

చాలామందికి వారాలు గడిచేకొద్దీ భయం దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా నిద్ర పట్టకపోయినా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నా డాక్టరుకు చూపించాలి. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివాళ్ల కోసం 2022 నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. 14416కి ఫోన్ చేస్తే 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

విపత్తుల్లో మానసిక సాయం ఎలా అందించాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇకనైనా వాటిని కింది స్థాయిలో అమలు చేయాలి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఏ అంతస్తు, ఏ బండి అని అడుగుతారు కదా, ఇంట్లో అందరికీ నిద్ర పడుతోందా అని కూడా అడిగి రాసుకోవాలి. పడటం లేదన్న ఇంటికి నెల తర్వాత ఒక మనిషి మళ్లీ వెళ్లాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. భారీ వర్షాల హెచ్చరిక వేసిన ప్రతిసారీ కంట్రోల్ రూం నంబర్ల పక్కన 14416 కూడా వేయండి.

– ఒక పాఠకురాలు, విజయవాడ