బెంగళూరు పీణ్య ఇంజనీరుగారికి, ఒక కాగితం లెక్క

ఒరేయ్ రఘూ,

నీ రేకు బ్రాకెట్ల షెడ్డుకి స్కూటర్ కంపెనీ ఇచ్చే నెలకి 10 లక్షల ఆర్డరు ఒక్కసారిగా 40 అయిందా! పార్టీ సంగతి తర్వాత. ముందు కాగితం, పెన్ను తీసుకో.

రేకు దిగిన రోజు నుంచి స్కూటర్ కంపెనీ డబ్బు నీ ఖాతాలో పడేదాకా ఎన్ని రోజులు? షెడ్డులో 15, బిల్లు వేశాక డబ్బొచ్చేదాకా 60. రేకు వ్యాపారి నీకిచ్చే అరువు 5 రోజులు తీసేయ్. 70 మిగిలాయి. వంద రూపాయల బిల్లుకి 80 ఖర్చనుకో. 10 లక్షల అమ్మకమప్పుడు నెల ఖర్చు 8 లక్షలు, ఆ 70 రోజులకి మధ్యలో ఇరుక్కునేది దాదాపు 19 లక్షలు. 40 లక్షలప్పుడు అదే 75. తేడా 56 లక్షలు ఎవరిస్తార్రా? నెలకి 8 లక్షల లాభమని మురిసిపోతున్నావు గానీ, ఏడు నెలల లాభం ఆ గుంటలోకే పోతుంది. మోటు లెక్కే, అయినా చాలు.

దీనికి తోడు జీఎస్టీ. నెలనెలా రిటర్ను వేసేవాడు అక్టోబరు బిల్లు పన్ను నవంబరు 20 లోపు కట్టాలి, కంపెనీ డిసెంబరులో ఇస్తానన్నా సరే. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ.

అసలు 60 రోజులకి ఎందుకు ఒప్పుకున్నావు? ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న తయారీదారుకి 45 రోజుల్లో చెల్లించాలని చట్టం. గడువు దాటి, మార్చి 31 లోపు కూడా కట్టకపోతే వాళ్ళకి ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో తగ్గదు. ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా వేయించు. మార్చి వచ్చేసరికి వాళ్ళ అకౌంట్సు వాళ్ళే నీకు ఫోన్ చేస్తారు చూడు. 60 కాస్తా 45 అయితే 75 లక్షలు 59కి దిగుతాయి. కొనేది పెద్ద కంపెనీ అయితే ట్రెడ్స్‌లో, అంటే చిన్న పరిశ్రమల బిల్లుల మీద ముందే డబ్బిప్పించే ఆన్‌లైన్ వేదికలో, బిల్లు పెట్టు. వాళ్ళు ఒప్పుకున్న బిల్లు మీద బ్యాంకు ముందే డబ్బిస్తుంది. రేపు వాళ్ళు ఎగ్గొట్టినా బ్యాంకు నీ మీదకి రాదు.

ఇక షెడ్డు. రెండో షిఫ్టు పెట్టగానే పెళ్ళి సందడిలో పుస్తె మరిచినట్టు కొలతలు మరుస్తారు. రేకు లాటు (ఒక విడతలో వచ్చిన సరుకు) మారితే మందం, గట్టిదనం కాస్త మారతాయి. వంచాక రేకు వెనక్కి లేచే తీరూ మారుతుంది. 90 డిగ్రీలు 91 అవుతుంది, బ్రాకెట్ బోల్టు రంధ్రాలు కలవవు, లాటంతా తిరిగొస్తుంది, పైగా ఆ నష్టం నీ బిల్లులోంచి కోసేస్తూ డెబిట్ నోటు. షిఫ్టు మొదట్లో, లాటు మారినప్పుడల్లా మొదటి ముక్క కోణం, రంధ్రాల దూరం కొలిచి సంతకం పెట్టాలి. ఆ తర్వాత ప్రతి 50వ ముక్క. కొలిచేవాడు ప్రెస్ (రేకు వంచే మిషను) నడిపేవాడు కాకూడదు, అదొక్కటి గట్టిగా పట్టుకో.

మనుషుల్ని తీసుకునేటప్పుడు తల లెక్క మరవకు. పదిమందైతే ఈఎస్ఐ, ఇరవైమందైతే పీఎఫ్. కాంట్రాక్టు వాళ్ళూ లెక్కలోకి వస్తారు.

నీ అసలు అంకెలు ఆదివారం లోపు పంపు, నెల నెలకీ వేసి చూద్దాం. అప్పటిదాకా కొత్త ప్రెస్‌కి అడ్వాన్సు కట్టకు.

నీ
శీను